తురుపు: ఒక ఆంగ్ల క్రియ పుట్టుక, తెలుగు పేకముక్కల సాక్ష్యం

ఇతరులను మించడం అనే అర్థానికి ఇంగ్లీషులో క్రియలకు కొదవ లేదు. ఎక్సెల్, సర్పాస్, అవుట్‌డూ, అవుట్‌స్ట్రిప్, ట్రంప్ అన్నింటికీ నిఘంటువులు దాదాపు ఒకే అర్థం ఇస్తాయి. ద్విభాషా నిఘంటువులలో ఈ ఏకరూపత మరింత ఎక్కువ: ప్రతిదానికీ ఎదురుగా మించు, అతిశయించు, అధిగమించు అనే మాటలే దర్శనమిస్తాయి. కాని ఈ క్రియలలో ప్రతి ఒక్కటీ మించడాన్ని వేరొక చిత్రంగా ఊహించింది. ఎక్సెల్ లాటిన్ ఎక్సెల్లెరె నుండి వచ్చింది. ఎత్తైన అనే అర్థమున్న సెల్సుస్ దానికి చుట్టం. అక్కడ మించడమంటే పైకి లేవడం. సర్పాస్ ఫ్రెంచి మాట. దాని భావన దారిలో ముందున్నవాణ్ణి దాటిపోవడం. అవుట్‌స్ట్రిప్ పరుగుకు సంబంధించినది. ఎత్తు, నడక, పరుగు మూడూ శరీరానికి తెలిసిన కొలతలే. తెలుగు మించు, మీఱు, దాటు, తలదన్ను కూడా ఈ కోవలోనివే.

ట్రంప్ అనే క్రియ ఈ వరుసలో ఇమడదు. అది ఎత్తునుండి గాని వేగంనుండి గాని పుట్టలేదు, జూదపు బల్లమీద పుట్టింది. అంతకుముందు దానికి రోమను రాజవీథుల చరిత్ర ఉంది, ఆ తరువాత తెలుగు రేవుపట్టణాలతో ఒక అనుకోని సంబంధం ఉంది. (ఈ మాట ఇప్పుడు చాలామందికి ముందు ఒక ఇంటిపేరుగా వినిపిస్తుంది. ప్రస్తుత చర్చకు దానితో పని లేదు.)

రోమను గణతంత్రంలో గొప్ప విజయం సాధించిన సేనానికి సెనేట్ అనుమతితో జరిగే ఊరేగింపు పేరు ట్రియుంఫుస్. సేనాని నాలుగు గుర్రాల రథంమీద, లారెల్ ఆకుల కిరీటంతో, కొల్లసొమ్ము, బందీలు ముందు నడవగా కాపిటోలిన్ కొండమీది జూపిటర్ ఆలయానికి వెళ్లేవాడు. విజయం సాధించినంతమాత్రాన ఈ గౌరవం దక్కేది కాదు; ఒక యుద్ధంలో కనీసం 5,000 మంది శత్రువులు హతులై ఉండాలన్న నియమాన్ని వలేరియుస్ మాక్సిముస్ నమోదు చేశాడు. క్రీ.పూ. 19లో లూసియుస్ కొర్నేలియుస్ బాల్బుస్ ఊరేగిన తరువాత చక్రవర్తి కుటుంబానికి బయటివారికి ఈ గౌరవం దక్కలేదు. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. గెలుపు రణరంగంలోనే జరిగిపోయింది. ట్రియుంఫుస్ ఆ గెలుపుకు రాజ్యం ఇచ్చే హోదా. గెలుపు వేరు, హోదా వేరు అన్న ఈ తేడా ఈ మాట చరిత్ర పొడుగునా వెంట వస్తుంది.

లాటిన్ మాటకు పాత రూపం ట్రియుంపుస్. ఆర్వల్ సోదరులనే పురోహిత బృందం పాడిన అతి ప్రాచీన గీతం చివర ఇదే మాట సంబోధనరూపంలో అయిదుసార్లు కేకగా వినబడుతుంది. గ్రీకులో దీనికి సమీపమైనది థ్రియాంబోస్. అది డయోనిసస్ స్తుతిగీతానికీ, ఆ దేవుని బిరుదుకూ పేరు. గ్రీకు థకారం, బకారం లాటినులో టకారం, పకారం కావడానికి మధ్య ఎట్రుస్కన్ భాష ఉండి ఉంటుందని పలువురు పండితుల అభిప్రాయం. ఘోష స్పర్శాలు లేని ఎట్రుస్కన్‌లో బ, ప తేడా నిలవదు గనుక ఈ వాదం బలమైనదే. మధుపాన దేవత పాటగా మొదలైన మాట సేనాని ఊరేగింపుగా మారిందన్నమాట.

మధ్యయుగాంతంలో ఇటలీ ఈ రోమను ఊరేగింపును మళ్లీ ఊహించుకున్నది. అందులో ప్రధాన పాత్ర పెట్రార్క్‌ది. 1374లో మరణించేనాటికి ఆయన పూర్తిగా తీర్చిదిద్దలేకపోయిన త్రియోంఫి కావ్యంలో ఆరు విజయయాత్రలున్నాయి. ప్రేమ మానవులందరినీ జయిస్తుంది. ప్రేమను శీలం జయిస్తుంది. శీలవతిని మరణం తీసుకుపోతుంది. మరణాన్ని కీర్తి, కీర్తిని కాలం, కాలాన్ని శాశ్వతత్వం జయిస్తాయి. రోమను ఊరేగింపులో ఒకడు గెలిచినవాడు, తక్కినవారు ఓడినవారు, కథ అక్కడితో ముగిసేది. పెట్రార్క్ చేతిలో అది మెట్లవరుస అయింది. ప్రతి విజేతా తరువాతి రథానికి బందీయే. జయించడం అనే అర్థం మించడం అనే అర్థంవైపు తిరిగిన మలుపు ఇదేనని చెప్పడం సాహసం కాదు.

పేకముక్కలు 1370ల నాటికి ముస్లిం రాజ్యాలనుండి యూరపు చేరాయి. ఇటలీలో వాటికి తొలి పేరు నాయిబి. ఈజిప్టు మమ్లూకుల ముక్కలలోని నాయిబ్ అనే అధికారి పేరే దానికి మూలం. ఆ పేకకు ఇటలీవారు ప్రత్యేకమైన బొమ్మముక్కల వరుస ఒకటి చేర్చారు. ఈ ముక్కలను త్రియోంఫి అన్న పేరుతో ప్రస్తావించిన తొలి ఆధారం 1440 సెప్టెంబరు నాటిది: ఫ్లోరెన్సులో కొన్న అటువంటి పేకను సిజిస్మోందో మలతెస్తాకు కానుకగా ఇచ్చినట్లు జుస్తో జుస్తి అనే నోటరీ తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ పేకనే తరువాత టారో అన్నారు. స్థిరపడిన రూపంలో దానిలో 78 ముక్కలు. వాటిలో ప్రత్యేక ముక్కలు 22. ప్రేమ, రథం, మరణం వంటి బొమ్మలు అందులో ఉండటం చూసి గెర్ట్రూడ్ మోక్లీ 1966లో ప్రచురించిన గ్రంథంలో పెట్రార్క్ కావ్యమే దీనికి నమూనా అని వాదించింది. బొమ్మకు బొమ్మ సరిపోదన్న ఆక్షేపణ న్యాయమే. అయినా కావ్యానికీ ఆటకూ ఉమ్మడిగా ఉన్నది బొమ్మలకంటె సూత్రం: ఒకటి ఇంకొకదానిని వరుసగా జయిస్తూ పోవడం. జోస్యానికి ఈ ముక్కలను వాడటం 18వ శతాబ్ది సంగతి అనీ, మొదట ఇవి కేవలం ఆటముక్కలే అనీ మైకేల్ డమ్మెట్ 1980లో ప్రచురించిన బృహద్గ్రంథంలో నిరూపించాడు.

ఖరీదైన చిత్రపటాల పేక అందరికీ అందేది కాదు. మామూలు పేకలోనే ఏదో ఒక జాతిని ఆ ఆటవరకు విజయజాతిగా ఎంచుకుంటే సరిపోతుందన్న ఉపాయం పుట్టింది. 16వ శతాబ్ది ఆరంభంలో ఇటాలియన్ బొమ్మముక్కల పేకకు తారోక్కి అనే కొత్త పేరు రావడంతో త్రియోంఫి అన్న పాత పేరు ఈ చవక ఆటలకు మిగిలింది. ఫ్రాన్సులో త్రియోంఫ్, స్పెయినులో త్రియుంఫో, ఇంగ్లండులో ట్రయంఫ్.

ఇంగ్లండులో ఈ మాటకు తొలి సాక్షి ఒక మతబోధకుడు కావడం విశేషం. 1529 డిసెంబరులో, క్రిస్మస్ ముందు, కేంబ్రిడ్జిలోని సెయింట్ ఎడ్వర్డ్ చర్చిలో హ్యూ లాటిమర్ చేసిన ప్రసంగాలు పేకముక్కల ప్రసంగాలుగా పేరుపొందాయి. పండుగ రోజులలో జనం ఆడే ఆటనే ఉపమానంగా తీసుకొని, క్రీస్తు పంచే ముక్కలలో హృదయమే తురుపు అని ఆయన వివరించాడు. ఆట పేరుగా ట్రయంఫ్, దాని కుదించిన రూపంగా ట్రంప్ రెండూ ఆ కాలంలో పక్కపక్కనే నడిచాయి. షేక్స్‌పియర్ ఆంటొనీ అండ్ క్లియోపాట్రా నాటకం నాలుగో అంకంలో, ఓడిన ఆంటొనీ రాణి తనను మోసగించిందని తలచి చెప్పే మాటలలో రాణి, జాకీ, హృదయాలు, కట్టలో మోసం వంటి పేక పరిభాష వరుసగా వస్తుంది. ఆ వరుస చివర ట్రయంఫ్ వస్తుంది. రోమను విజయయాత్ర, తురుపుముక్క అనే రెండర్థాలు ఆ ఒక్క మాటలో శ్లేషించాయి. ప్రేక్షకునికి రెండర్థాలూ చెవిలో ఉంటేనే ఆ శ్లేష పండుతుంది.

నామం క్రియ కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 16వ శతాబ్ది చివరి పాదంలో ట్రంప్ తురుపు వేయడం అనే అర్థంలోనూ, దాదాపు అప్పుడే ఒకరిని మించి ఓడించడం అనే అర్థంలోనూ కనబడుతుంది. ఇదే ఆటకుటుంబంనుండి వచ్చిన విస్ట్ మీద ఎడ్మండ్ హోయిల్ 1742లో గ్రంథం ప్రకటించిన తరువాత తురుపు పరిభాష చదువుకున్నవారి నిత్య సంభాషణలో భాగమైంది.

ఈ క్రియతో ముడిపడి ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషులో ట్రంప్ ఒకే మాట కాదు. బాకా అనే అర్థంలోని ట్రంప్ పాత ఫ్రెంచి ట్రోంప్‌నుండి వచ్చినది. బైబిలు భాషలో చివరి దినాన మోగే బాకా ఇదే. మోసగించడం అనే ఫ్రెంచి ట్రోంపేకు సంబంధించినది మరొకటి. పనికిమాలిన పటాటోపానికి వాడే ట్రంపరీ దాని సంతతి. లేని నేరాన్ని అల్లడం అనే అర్థమున్న ట్రంప్ అప్ పేక తురుపునుండే పుట్టిందని సామాన్యంగా భావిస్తారు గాని, దానిమీద ఈ మోసార్థపు ఛాయ పడిందనే చెప్పాలి. మించడమనే క్రియలో ఎక్కడో కొంత మోసం, కొంత ఆర్భాటం ధ్వనించడానికి ఈ సమధ్వని పదాల సావాసమూ కారణం కావచ్చు.

ఇక అర్థస్వరూపం. తురుపు జాతి రెండు వేరే జాతి ఆసును కొడుతుంది. రెండు ఆసుకంటె పెద్దది కాదు. ఆట మొదట్లో ఒక జాతికి హోదా ఇచ్చారు గనుక అది గెలిచింది. తరువాతి ఆటలో తురుపు మారితే అదే రెండుకు ఏ విలువా ఉండదు. అంటే ట్రంప్ చేయడం గుణంచేత మించడం కాదు, నియమంచేత మించడం. ఎక్సెల్ అనే క్రియకు కర్మ లేకుండా కూడా వాక్యం నిలుస్తుంది. ఒకడు ఒంటరిగానే శ్రేష్ఠుడు కావచ్చు. ట్రంప్ చేయడానికి మాత్రం ఎదుట ఒక ముక్క పడి ఉండాలి. ఈ సూక్ష్మభేదాన్ని న్యాయశాస్త్రవేత్త రొనాల్డ్ డ్వోర్కిన్ బాగా వినియోగించుకున్నాడు. వ్యక్తి హక్కులు సమాజ ప్రయోజనమనే వాదంమీద తురుపుముక్కలు అని ఆయన అన్నప్పుడు ఉద్దేశం, తక్కెడలో హక్కుల బరువు ఎక్కువని కాదు. హక్కు ఉన్నచోట తక్కెడే పెట్టరాదని. ఈ వాక్యాన్ని తెలుగులో ‘హక్కులు సమాజహితాన్ని మించుతాయి’ అని రాస్తే ఆయన నిరాకరించిన తక్కెడనే తిరిగి తెచ్చిపెట్టినట్లవుతుంది. అనువాదకుడు ఇక్కడ నిఘంటువును నమ్మి నష్టపోతాడు.

తెలుగులో ఈ భావనకు మాట లేక కాదు. తురుపు అన్నది తెలుగు పేకాటలో ఎప్పటినుండో ఉన్నదే. దానిని ట్రంప్ అనే ఆంగ్లపదానికి వికృతిగా భావించడం పరిపాటి. ఈ భావన పరీక్షకు నిలవదు.

మొదట దంత్య తకారాన్ని చూడవచ్చు. టికెట్టు, టేబులు, ట్రంకు వంటి ఆంగ్లాదానాలలో మూర్ధన్య టకారమే ఉంటుంది. కాని ఇది ఒక్కటే చాలదు; సైనిక దళమనే అర్థంలోని ఆంగ్ల ట్రూప్ తమిళంలో దంత్యంతోనే తురుప్పు అయింది. రెండవది అచ్చు. పంపు, ట్రంకు, డ్రమ్ము వంటి మాటలనుబట్టి ట్రంప్‌లో అకారమే రావలసి ఉంది, ఉకారం కాదు. ఇదీ నిర్ణాయకం కాదు: 17వ శతాబ్ది తొలినాళ్లలో ఆంగ్లోచ్చారణలోనూ అక్కడ ఉకారమే ఉండేది. ఎటూ తప్పించుకోలేనిది మూడవది, అనునాసికం. తెలుగు అన్యదేశ్యాలలోని ంప సంయోగాన్ని జాగ్రత్తగా నిలుపుకున్న భాష. స్టాంపు, క్యాంపు, పంపు సరే, పాతకాలపు కుంపిణీలో కూడా అది చెక్కుచెదరలేదు. ట్రంప్ తెలుగులోకి వచ్చి ఉంటే తురుంపు కావాలి. పోర్చుగీసు త్రుంఫులో కూడా అనునాసికం ఉంది కనుక అదీ మూలం కాజాలదు. ఫ్రెంచివారు ఈ ముక్కను అతూ అంటారు. యానాము దారి కూడా మూసుకుపోయినట్లే.

మిగిలినది డచ్చి. డచ్చిలో తురుపుకు మాట త్రూఫ్. ఇదీ ట్రయంఫ్ సంతతే. కాని డచ్చివారి నోట అనునాసికం ఎప్పుడో జారిపోయింది. త్రకారం మధ్య ఉకారం చేరి, ఫకారం పకారమై, చివర ఉత్వం కలిస్తే తురుపు. ఫిరంగి పిరంగి కావడం, కాఫీ వాడుకలో కాపీ కావడం తెలిసినవే. తమిళ తురుప్పు, హిందీ తురుప్ కూడా ఈ డచ్చి మాటకే చెందుతాయి.

ఒక్క మాట పోలిక యాదృచ్ఛికం కావచ్చునన్న శంకకు తక్కిన ముక్కల పేర్లే సమాధానం. తెలుగులో నాలుగు జాతులు: ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. ఇంగ్లీషులో కళావరుకు పేరు క్లబ్స్, అంటే దుడ్డుకర్రలు. ముక్కమీద ఉన్నది మాత్రం మూడాకుల గడ్డి. ఆ గడ్డి పేరే డచ్చిలో క్లావర్, ఆ జాతి పేరూ అదే. గ్లాసు గలాసైన తీరుననే క్లావర్ కళావరు అయింది. హృదయం జాతికి డచ్చిలో హార్తెన్. పదాది హకారం లోపించడం కొత్త కాదు, హాస్పిటల్ ఆసుపత్రి అయింది. రేఫ తరువాతి తకారం మూర్ధన్యమైంది. లోపించిన హకారపు ఊపిరే ఠకారంలోకి చేరిందేమోనని కూడా ఊహించవచ్చు. ఆంగ్ల హార్ట్స్‌లో చివరి నకారానికి ఆస్కారమే లేదు. ఒకటి అంకెముక్క ఆసు. ఇది ఆంగ్ల ఏస్ కాదని చెవికే తెలుస్తుంది. డచ్చి ఆస్‌కు సరిగ్గా సరిపోతుంది. పోర్చుగీసులోనూ దాదాపు అదే ఉచ్చారణ ఉంది గనుక దీనిని మాత్రం ఇద్దరి పేరా రాయవలసి వస్తుంది.

డైమను, ఇస్పేటుల కథ వేరు. డచ్చిలో వాటి పేర్లు రౌతెన్, స్ఖోప్పెన్. తెలుగులో వాటి జాడ లేదు. డైమను స్పష్టంగా ఆంగ్లం. ఇస్పేటులోని టకారం దానినీ ఆంగ్ల స్పేడ్ వైపే నెడుతుంది. పోర్చుగీసు ఎస్పాదనుండి అయితే దంత్యం ఉండవలసింది. ఒకే కట్టలో సగం డచ్చి, సగం ఆంగ్లం. మొదట డచ్చి పేర్లన్నీ ఉండి రెండింటిని తరువాత ఆంగ్లం తొలగించిందని భావించడం సుకరం. తమిళ నిఘంటువులలో రౌతెన్‌కు, స్ఖోప్పెన్‌కు కూడా దేశీకరించిన రూపాలు చోటుచేసుకోవడం ఈ ఊహను బలపరుస్తుంది.

చారిత్రక నేపథ్యం దీనికి అనుకూలమే. డచ్చి ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో 1606లోనే వర్తకస్థానం ఏర్పరచుకున్నది. ఆంగ్లేయులు అక్కడికి వచ్చినది 1611లో. నిజాంపట్నం, నరసాపురం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం వారి వస్త్రవ్యాపార కేంద్రాలు. 1824 నాటి ఒడంబడిక ననుసరించి 1825లో తమ స్థావరాలను ఆంగ్లేయులకు అప్పగించేవరకు, మధ్యలో యుద్ధకాలపు విరామాలు పోగా, రెండు శతాబ్దాల సంబంధం అది. భీమిలి, బందరు సమాధిఫలకాలు తప్ప ఆ సంబంధానికి తెలుగునేలమీద కంటికి కనబడే గుర్తులు తక్కువ. పోర్చుగీసు ఆదానాలైన అలమారా, మేస్త్రీ, బొత్తాముల ముందు డచ్చి ఆదానాల పట్టిక వెలవెలబోతుంది. అందుచేతనే తురుపు, కళావరు, ఆఠీనులను ఆంగ్లం ఖాతాలో వేయడం చిన్న పొరపాటు కాదు. ఉన్న కొద్ది సాక్ష్యమూ అలా చెరిగిపోతుంది.

ఈ మాట హిందూస్తానీ ద్వారా వచ్చి ఉండవచ్చునన్న ప్రశ్న మిగులుతుంది. తురుపు మట్టుకు అది అసాధ్యం కాదు. కాని హిందీలో జాతుల పేర్లు హుకుం, పాన్, ఈంట్, చిడీ. వాటిలో డచ్చి ఛాయ లేదు. కళావరు, ఆఠీనులు వచ్చిన దారి తీరపు దారే. సహచరులు తీరంనుండి రాగా తురుపు ఒక్కటే ఉత్తరాదినుండి వచ్చిందనడానికి కారణం కనబడదు. పైగా దేశంలో అంతకుముందే ఉన్న మొగలు గంజీఫాలో 8 జాతులు, 96 ముక్కలు ఉన్నా తురుపు అనే ఏర్పాటు లేదు. వస్తువు, భావన, పేరు మూడూ యూరపు పేకతోనే దిగాయి.

తెలుగులో తురుపు క్రియ కాలేదన్నది మరొక సంగతి. తురుపు వేయడం, తురుపు కొట్టడం ఆటకే పరిమితం. ఆట దాటి పత్రికాభాషలోకి వచ్చినది తురుపుముక్క అనే నామమే. దాని అర్థం చివరివరకు దాచుకున్న ఆయుధమని. ఇందులో మించడం లేదు, దాపరికం ఉంది. ఆంగ్ల క్రియకు దగ్గరి తెలుగు మాట మరొక ఆటలో దొరుకుతుంది. చదరంగంనుండి వచ్చిన త్రోసిరాజను అనే పలుకుబడి ప్రబంధాల కాలంనుండి ఒకదాన్ని ఇంకొకటి తిరస్కరించి మీరడమనే అర్థంలో వాడుకలో ఉంది. అందులో తక్కెడ లేదు, ఎత్తు లేదు. ఎదుటి రాజుకు చెప్పిన హెచ్చరిక ఉంది. డ్వోర్కిన్ వాక్యాన్ని తెలుగు చేయవలసినవారు సమాజహితవాదాన్ని హక్కు త్రోసిరాజంటుందని రాస్తే మూలంలోని ఆట మారుతుంది గాని అర్థం మారదు.